డైనింగ్ టేబుల్ మీది వింకెల్‌బ్రున్

పక్కింటి అనన్య నిన్న సాయంత్రం ఒక అట్టపెట్టె చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. "ఆంటీ, మనం హౌస్ మేక్ చేద్దామా?" అంది, బూట్లు కూడా విప్పకుండా. పెట్టె మీద జింజర్‌బ్రెడ్ ఇల్లు బొమ్మ, అదే, మసాలా బిస్కెట్ పలకలతో కట్టేది. డిసెంబరు వస్తే అమెరికాలో, మా క్యారీ ఊళ్ళో ఏ షాపులో చూసినా అవే పెట్టెలు, దొంతరలు దొంతరలుగా. విప్పి చూస్తే గోడలు కోసే ఉన్నాయి, కప్పు కోసే ఉంది, అతికించడానికి చక్కెర ముద్ద కూడా ఒక సంచీలో కలిపే ఉంది. అరగంటలో ఇల్లు లేచింది. గృహప్రవేశం కూడా అయిపోయినట్టే, ఎందుకంటే అనన్య అప్పటికే పొగగొట్టం నమిలేస్తోంది. నాకు ఒళ్ళు మండింది. "ఈ ఇంట్లో ఎవరుంటారే?" అని అడిగాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసి, "ఎవరూ ఉండరు ఆంటీ, ఇట్స్ జస్ట్ ఎ కుకీ" అంది.

జస్ట్ కుకీ అట! ఆ మాట మా పాత ఇంటావిడ హిల్డా ఆంటీ చెవిన పడి ఉంటేనా, అనన్యని కుర్చీలో కూలేసి మధ్యయుగాల నుంచి పాఠం మొదలుపెట్టి ఉండేది. ఆ పిల్ల వెళ్ళిపోయాక మిగిలిన గోడ ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాను. చక్కెర తప్ప ఏమీ లేదు. లవంగం లేదు, సోంపు లేదు, తేనె అసలే లేదు. అది నములుతూ కూర్చుంటే నా చదువుకునే రోజుల నాటి వంటిల్లు ఒకటి కళ్ళ ముందు నిలిచింది, దాని ఉక్కతో, వాసనతో, తిట్లతో సహా.

అప్పుడు నేను ఒహాయోలో ఒక చిన్న యూనివర్సిటీ ఊళ్ళో స్టాటిస్టిక్స్ చదివేదాన్ని. నాది పార్వతీపురం. నా రూమ్మేట్ పద్మజది కరీంనగర్ దగ్గర. ఆ ఊరు మొత్తం మీద చీరలున్న పెట్టెలు మా రెండే. హిల్డా ఆంటీ ఇంట్లో మేడ మీద గది అద్దెకు తీసుకున్నాం. ఆవిడ అరవైలు దాటిన మనిషి, భర్త పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. పొడుగ్గా, నిటారుగా ఉండేది, నడుస్తుంటే చెక్క మెట్లు కూడా సద్దుమణిగేవి. "నన్ను హిల్డా అని పిలవండి" అంది మొదటి రోజే. అమ్మమ్మ వయసావిణ్ణి పేరు పెట్టి పిలవడానికి మాకు నోరు రాలేదు. వెనకాల ఆంటీ తగిలించేశాం. తనకి మేనకోడళ్ళు ఎలా పుట్టుకొచ్చారో ఆవిడకి అర్థం కాకపోయినా, పోస్ట్‌మన్‌తో మాత్రం "నా నీసులు" అని చెప్పుకునేది.

ఆ ఇంటికి కొన్ని నియమాలుండేవి. చెప్పులు గుమ్మం బయట, అందులో మాకు పేచీ లేదు. అసలు భోజనం మధ్యాహ్నమే, సాయంత్రం పొయ్యి వెలిగించకూడదు, రొట్టే వెన్నే. నాలుగింటికి కాఫీ, ఆ కాఫీ వేళకి ఇల్లు తగలబడుతున్నా సరే కూర్చోవలసిందే. శనివారం ఇంటి ముందు ఫుట్‌పాత్ తుడవడం, మంచు పడుతున్నా తుడవడం. మొదట్లో మా పోపు ఘాటుకి కిటికీలన్నీ బార్లా తెరిచి, చలికి మమ్మల్ని చంపేసేది. సంక్రాంతి నాటికి జలుబు చేస్తే తనే మెట్ల దగ్గర నిలబడి "ఆ కారపు నీళ్ళు ఉన్నాయా?" అని చారు అడిగే స్థితికి వచ్చింది. కానీ డిసెంబరులో మాత్రం పోపు నిషేధం. ఎందుకంటే కింద సెల్లార్‌లో పిండి ఊరుతూ ఉండేది. తేనె, రై అనే ధాన్యం పిండి, లవంగం, దాల్చినచెక్క, సోంపు, ఏలకులు కలిపి ముద్ద చేసి, గుడ్డ కప్పి, వారాల తరబడి ఆ చల్లదనంలో ఉంచేది. మా ఇంగువ వాసన ఆ పిండికి పట్టిందంటే తన ఊరు పాడైపోతుందని ఆవిడ భయం. మేము గరాజ్‌లో చిన్న ఎలక్ట్రిక్ పొయ్యి పెట్టుకుని, కోట్లు తొడుక్కుని, మంచులో పోపు వేసుకునేవాళ్ళం. "దొంగసారా కాసినట్టుందే మన బతుకు" అనేది పద్మజ.

ఆ పిండితో ఆవిడ కట్టేది ఒక ఇల్లు కాదు, ఊరు. జర్మనీలో తను పుట్టిన వింకెల్‌బ్రున్. డైనింగ్ టేబుల్‌కి ఉన్న రెక్కలన్నీ లాగి, పొడవుగా చేసి, దాని మీద వీధులు, చర్చి, ప్రాకారం, మిల్లు, సంతబజారు అన్నీ జింజర్‌బ్రెడ్‌తో నిలబెట్టేది. కప్పుల మీద పెంకులకు బాదం పలుకులు, కిటికీలకు కరిగించిన పిప్పరమెంట్లు, అతుకులకు గుడ్డు తెల్లసొనలో గిలక్కొట్టిన చక్కెర. మొదటిసారి చూసినప్పుడు నేను నోరు వెళ్ళబెట్టాను. మా ఇంట్లో దసరాకి బొమ్మల కొలువు పెట్టేవాళ్ళు. ఇంత దూరం వచ్చి మళ్ళీ కొలువు చూస్తాననుకోలేదు. పద్మజకి బతుకమ్మ పేర్చడంలో చెయ్యి తిరిగింది గనుక, గుండ్రంగా వచ్చే బురుజుల పని దానికి అప్పజెప్పింది ఆంటీ. నన్ను కిటికీలకి పెట్టింది.

అసలు విశేషమేమిటంటే ఏటా అదే ఊరు కాదు. ఒక్కో డిసెంబరు ఒక్కో కాలం. మేము వెళ్ళిన ఏడాది మధ్యయుగం నడుస్తోంది. పిండి పిసుకుతూ ఆవిడ మొత్తం చరిత్ర చెప్పేది, ప్రతిదానికీ తను దగ్గరుండి చూసినట్టే. ఒకానొక ప్రభువు వేటకు పోతుంటే గుర్రం కుంటిందట. అక్కడొక నీటి ఊట, పక్కనే ఒక కమ్మరి. ఆ కమ్మరి నాడా బాగా కొట్టాడని సంబరపడి, ఆ చోట వారానికొక సంత పెట్టుకోవడానికి ప్రభువు అనుమతి ఇచ్చేశాడు. అదే ఊరి పుట్టుక. తర్వాత పక్క ఊరివాళ్ళు ప్రాకారం కట్టుకున్నారని మనమూ కట్టాలన్నారు. శత్రువు ఎవరో ఇంకా తేలలేదు గానీ గోడ మాత్రం లేచింది. "తాపీ మేస్త్రీలకి కూలి బదులు బీరు పోశాం, అందుకే బురుజు అటు ఒరిగింది" అని పద్మజ కట్టిన బురుజుని కావాలని పక్కకి వంచేది. పద్మజ ప్రాణం విలవిల్లాడిపోయేది.

మహమ్మారి వచ్చినప్పుడు తలుపులు మూసుకున్నారట. బయటి పల్లెల ఆడవాళ్ళు ప్రాకారం అవతల రాయి మీద పాలు పెట్టి దూరం జరిగితే, లోపలివాళ్ళు వచ్చి తీసుకెళ్ళేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళ యుద్ధంలో స్వీడన్ సైన్యం వచ్చి చర్చి గంట ఎత్తుకుపోయింది, వాళ్ళ వెనకే చక్రవర్తి సైన్యం వచ్చి ఆవుల్ని తోలుకుపోయింది. "ఇద్దరూ దేవుడి కోసమే వచ్చామన్నారు" అనేది ఆంటీ, కళ్ళు ఎగరేస్తూ. నెపోలియన్ సైనికులు రష్యా మీదికి పోతూ వాళ్ళ బేకరీలో ఉన్నదంతా లాక్కుతిన్నారు. మరుసటి చలికాలం ఓడిపోయి, కాళ్ళకి గుడ్డలు చుట్టుకుని, అదే గుమ్మం ముందు చెయ్యి చాపారు. "మా ముత్తవ్వ రెండుసార్లూ పెట్టింది" అని చెప్పేటప్పుడు ఆవిడ మెడ ఇంకొంచెం నిటారుగా అయ్యేది. ఆ తర్వాత రైలు వస్తానంది. పొగకి బీరు పులిసిపోతుందని ఊరి పెద్దలు వద్దన్నారు. రైలు పక్క ఊరికి పోయింది, దానితోపాటు ఫ్యాక్టరీలూ పోయాయి, వింకెల్‌బ్రున్ ఎక్కడున్నది అక్కడే ఉండిపోయింది.

"ఏందే, గింతంత ఊరికి గింత చరిత్రనా?" అంది పద్మజ ఒకసారి. ఆంటీ అదేమిటో చెప్పించుకుని, చేతికి పిండితోనే మా వైపు తిరిగి, "మరి మీ ఊళ్ళు ఎప్పుడు పుట్టాయి? గుర్రం ఎక్కడ కుంటింది?" అని అడిగింది. మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. పార్వతీపురంలో ఏ హోటల్లో ఇడ్లీ బాగుంటుందో చెప్పగలను గానీ, ఊరు ఎవరు పెట్టారో నాకేం తెలుసు? పద్మజ మాత్రం తడుముకోకుండా "మా ఊర్ల గుర్రాలు కుంటవు ఆంటీ, గట్టియి" అనేసింది. ఆ సెలవుల్లో మా నాన్నకి ఉత్తరం రాసి అడిగాను. "చదువుకోవడానికి పంపిస్తే ఇదా నువ్వు చేస్తున్నది?" అని జవాబు వచ్చింది.

ఆ ఊరిని జనవరి మొదటి వారంలో, బాలయేసుని చూడడానికి ముగ్గురు రాజులు వచ్చారనే పండుగ రోజున తినేసేవాళ్ళు. కొలువులో బొమ్మల్ని పడుకోబెట్టి, గుడ్డల్లో చుట్టి అటక మీద పెడతాం గానీ నమిలి మింగుతామా? ఆంటీ వాళ్ళ నాన్న ఆ ఊళ్ళో బేకరీ నడిపేవాడు. ప్రతి చలికాలం షాపు కిటికీలో ఊరంతా కట్టి పెట్టేవాడట. పండుగ రోజున ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటి ముందుకొచ్చి నిలబడాలి. ఆ ఇంటి పెద్ద ఒట్టి చేతులతో ఇల్లు విరవాలి, కత్తి తగలకూడదు. మొదటి ముక్క ఇంట్లో చిన్నవాళ్ళకి పెట్టి, ఆఖరి ముక్క తను తినాలి. ఒహాయోలో ఆ ఇళ్ళ మనుషులెక్కడున్నారు? వీధిలో పిల్లల్నే పిలిచి తలా ఒక ఇల్లు పంచేది. "నువ్వు ఇవాళ మిల్లు యజమానివి, నువ్వు మందుల షాపు" అని. పద్మజకి బీరు కాచే ఇల్లు వచ్చింది, నాకు బురుజు కాపలావాడిది. అందరూ విరిచారు, అందరూ తిన్నారు. బేకరీ ఒక్కటీ అలాగే మిగిలిపోయింది. అది మీ ఇల్లే కదా ఆంటీ, మీరు విరవరా అంటే, "దానికి పెద్దని నేను కాదు" అని దాన్ని తీసుకెళ్ళి పెరట్లో మంచు మీద పిట్టలకి పెట్టేసింది. ఇంతకాలమూ ప్రతి ఏడాదీ అంతేనట.

ఆ మాట వెనక ఉన్న కథ మాకు తెలిసేసరికి ఇంకో ఏడాది గడిచింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసినప్పుడు మొదట ఆ ఊళ్ళోకి అమెరికన్ సైన్యం వచ్చింది. రోజూ రొట్టెల కోసం షాపుకి వచ్చే ఒక సైనికుడికి హిల్డా కావాల్సిన దానికన్నా పెద్ద రొట్టెలు ఇచ్చేది. కొన్ని నెలలకి అమెరికావాళ్ళు ఊరిని రష్యావాళ్ళకి అప్పగించి వెళ్ళిపోయారు. వాళ్ళ వెనకే, ఆ సైనికుడితో, హిల్డా కూడా. నాన్న అప్పటికి లేడు. అమ్మని, చెల్లెలు లోట్టెని బేకరీలో వదిలి, క్రిస్మస్‌కల్లా తిరిగి వస్తానని చెప్పి వెళ్ళింది. ఆ తర్వాత ఊరి పక్కనే సరిహద్దు గీశారు, కంచె వేశారు. ఆవిడ కాఫీ పొట్లాలు, మేజోళ్ళు పంపుతూనే ఉంది. ఎన్నో ఏళ్ళకి అమ్మ పోయిందని టెలిగ్రాం వస్తే వెళ్ళలేదు. వీసా దొరకలేదని చెల్లెలికి రాసింది. అప్పటి నుంచి చెల్లెలి దగ్గర్నుంచి ఒక్క ముక్క జవాబు లేదు.

మేము రెండో ఏడాదిలో ఉండగా జర్మనీని రెండుగా చీల్చిన గోడ పడిపోయింది. ఆంటీ టీవీ ముందు కూర్చుని, నాలుగింటి కాఫీ కూడా మర్చిపోయింది. ఆ ఇంట్లో అంతకు మించిన వార్త ఉండదు. వెంటనే చెల్లెలికి విమానం టికెట్టు పంపింది. బదులుగా ఒక పోస్టుకార్డు వచ్చింది, దాని మీద "వస్తాను" అన్న ఒక్క మాట. ఆవిడ దిగేది సరిగ్గా ఊరు విరిచే ఆ పండుగ ముందు రోజు. ఇక ఆంటీ హడావిడి చూడాలి! రాజులు, సైన్యాలు అన్నీ పక్కకి పోయాయి. ఈసారి కట్టేది తమ చిన్నప్పటి ఊరు, అక్కచెల్లెళ్ళు చెయ్యీ చెయ్యీ పట్టుకుని తిరిగిన ఊరు, ఒక్క కిటికీ కూడా తప్పు రాకూడదు. "లోట్టె దీన్ని చూసి ఏమీ అనకపోయినా ఫర్వాలేదు. ఇది మన ఊరు కాదు అని మాత్రం అనకూడదు" అంది.

బజారులో బేకరీ పక్కన బట్టల కొట్టు. దాని గోడలు నిలబెట్టేటప్పుడు ఆంటీ కథ ఆపేసింది. మేం అడిగితే చెప్పింది. ఆ కొట్టు ఒక యూదు కుటుంబానిది. ఆ ఇంటి పిల్లతో హిల్డా బళ్ళో ఒకే బల్ల మీద కూర్చునేది. ఒక ఉదయం వాళ్ళందరినీ ట్రక్కులో ఎక్కించి తీసుకెళ్ళారు. "మా నాన్న షాపు తలుపు వేసేసి లోపల కూర్చున్నాడు. ఊరంతా అలాగే తలుపులు వేసుకుంది. వాళ్ళెవరూ తిరిగి రాలేదు. స్వీడన్ వాళ్ళ గురించి అయితే ఎంతైనా చెబుతాను, ఇది మా గురించి" అంది. ఆ కొట్టు కిటికీలకి అన్నిటికంటే మంచి పిప్పరమెంట్లు ఏరి కరిగించాను. నా చేతనైంది అంతే.

ఇక మేం చేసిన ఘనకార్యం. పండుగకి రెండు మూడు రోజుల ముందు, ఆంటీ జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళిన వేళ, పద్మజా నేనూ పూర్తయిన ఊరి ముందు నిలబడ్డాం. అంతా బాగుంది గానీ ఏదో వెలితి. "వాకిళ్ళు బోసిగున్నయే" అంది పద్మజ. నిజమే. పండుగ పూట, ఇంటికి చుట్టం వస్తుంటే, ఒక్క గుమ్మం ముందు కూడా ముగ్గు లేదు! చక్కెర ముద్ద మిగిలి ఉంది, కాగితం పొట్లం ఉంది, ఇంకేం కావాలి? మా ఇద్దరికీ ఊపొచ్చింది. చర్చి ముందు పెద్ద పద్మం, మిల్లు ముందు తామర మొగ్గలు, బీరింటి ముందు మెలికల ముగ్గు. గోధుమరంగు నేల మీద తెల్లగా ఎంత ముచ్చటగా ఉన్నాయో! తలుపు తీసుకుని ఆంటీ వచ్చింది. కొత్త జుట్టు బాగుందని చెబుదామనుకునే లోపే కేక పెట్టింది.

"ఏమిటీ పాములు? వింకెల్‌బ్రున్ పుట్టిన దగ్గర్నుంచి ఇలాంటివి ఎక్కడా లేవు! లోట్టె చూస్తే ఏమంటుంది?" ఆవిడ మొహం కందగడ్డలా అయిపోయింది. చదువుకున్న ఇంగ్లిష్ అంతా ఎటో పోయింది. ముగ్గంటే ఏమిటో, రోజూ ఎందుకు వేస్తారో తడబడుతూ చెప్పుకొచ్చాను. "మా వైపు పండుగ రోజున వాకిట్లో ముగ్గు లేదంటే, ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం ఆంటీ. అందుకే అన్ని ఇళ్ళకీ వేశాం" అన్నాను. ఆవిడ చేతిలో తడిగుడ్డ తుడవడానికి సిద్ధంగా ఉంది. అలాగే ఆగిపోయింది. కాసేపటికి వంగి, చర్చి ముందు ముగ్గుని దగ్గరగా చూసింది. తర్వాత రెండే రెండు ముగ్గులు తుడిచింది. మొదట బట్టల కొట్టు ముందుది. ఆ తర్వాత బేకరీ ముందుది. "మా అమ్మ పోతే నేను వెళ్ళలేదు. ఈ ఇంటికి వద్దు" అని, మిగిలినవన్నీ ఉండనిచ్చి, కోటు కూడా విప్పకుండా మేడ మీదికి వెళ్ళిపోయింది.

ఈ కాలం వాళ్ళకి ఇదంతా పాత గోలలా అనిపిస్తుందేమో అనుకునేదాన్ని. ఇప్పుడు కంచెలెక్కడివి, అందరూ ఫోన్లో మొహాలు చూసుకుంటూనే ఉంటారు కదా అని. అనన్య వాళ్ళమ్మ స్రవంతి నా భ్రమ వదిలించింది. పోయినేడు దాని చెల్లెలి పెళ్ళి హైదరాబాద్‌లో జరిగితే ఇది వెళ్ళలేదు. "వీసా స్టాంపింగ్‌కి స్లాట్ దొరకలేదాంటీ. వెళ్తే మళ్ళీ ఎప్పుడు రానిస్తారో తెలీదు, ఇక్కడ జాబ్, ఈఎంఐలు" అంది. పెళ్ళంతా వీడియో కాల్‌లోనే చూసింది. ఇప్పుడు చెల్లెలు ఫోన్ ఎత్తడం లేదు. ఫోన్లు పెరిగాయి గానీ మూతి ముడుచుకోవడం అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఒక్కటే తేడా. అప్పుడు కంచె కళ్ళకి కనిపించేది, దాన్ని తిట్టుకోవడానికైనా వీలుండేది.

లోట్టె వచ్చిన సాయంత్రం మేం ఇల్లంతా అద్దంలా తుడిచి పెట్టాం. చిన్న మనిషి, కురచగా కత్తిరించిన తెల్ల జుట్టు, బూడిదరంగు కోటు. అక్క కౌగిలించుకోబోతే చెయ్యి చాపింది. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, మాకు జర్మన్ రాదు. ఆంటీయే మధ్యలో అటూ ఇటూ మాటలు మోసింది. ఊరున్న గదిలో దీపాలన్నీ వెలిగించి ఉంచాం. ఆవిడ ఆ గుమ్మం దాకా వచ్చి, అలిసిపోయానని చెప్పి, బల్ల వైపు చూడకుండానే పడుకోవడానికి వెళ్ళిపోయింది. ఆంటీ ఒక్కో దీపమూ ఆర్పుతుంటే నాకు ఏడుపొచ్చింది. "ఎంత రాయి గుండెనే!" అంది పద్మజ పళ్ళు నూరుతూ.

మర్నాడు మధ్యాహ్నం వీధిలో పిల్లలంతా దిగారు. లోట్టె గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది. పిల్లలు విరుస్తున్నారు, తింటున్నారు, చొక్కాల మీద పొడి రాల్చుకుంటున్నారు. ఊరు ఒక వైపు నుంచి ఖాళీ అవుతోంది. బజారు దాకా వచ్చేసరికి లోట్టె ఇక ఆగలేకపోయింది. గబగబా ముందుకొచ్చి, వేలితో నీళ్ళ పంపుని పొడిచి, ఏదో గట్టిగా అంది. పంపు మందుల షాపు ముందు కాదట, చర్చి ముందట. ఆంటీ ఊరుకుంటుందా? అక్కడికి మార్చింది తర్వాత, మన చిన్నప్పుడు ఇక్కడే ఉండేదని ఆవిడ. లేదని ఈవిడ. అదే పంపు దగ్గర నీ జడ పట్టి లాగానని ఒకరు, లాగింది నువ్వు కాదు నేనని ఇంకొకరు. గొంతులు లేచాయి, చేతులు లేచాయి. పిల్లలు నోట్లో ముక్కలు నోట్లోనే పెట్టుకుని చూస్తున్నారు. "కొట్టుకుంటరేమోనే!" అంది పద్మజ. "అక్కచెల్లెళ్ళేనే, ఇక అనుమానం లేదు" అన్నాను నేను. పంపు అటూ ఇటూ మారి చివరికి రెండు ముక్కలైంది.

అప్పుడు లోట్టె వేలు ఇంటింటి ముందూ ఉన్న ముగ్గుల మీదుగా నడిచింది. బట్టల కొట్టు దగ్గర ఒక క్షణం ఆగింది. బేకరీ ముందు పూర్తిగా ఆగిపోయింది. మా వైపు చూసి ఏదో అడిగింది. అన్నిటికీ ఉండి వీటికి ఎందుకు లేదని అడుగుతోందని ఆంటీ చెప్పింది. నేను ముందు రోజుల్లో చెప్పిందే మళ్ళీ చెప్పాను. చెప్పి ఆంటీ వైపు చూశాను. దాన్ని జర్మన్‌లోకి మార్చాల్సింది ఆవిడే. లోట్టె "ఊఁ?" అన్నట్టు గడ్డం ఎగరేసింది. అప్పుడు ఆంటీ కుర్చీ వెనక భాగం పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. నేను చెప్పింది రెండే ముక్కలు. ఆవిడ చాలాసేపు చెప్పింది. ఏం చెప్పిందో తర్వాత మాకు చెప్పింది. ముగ్గు సంగతి చెప్పి, వీసా దొరకలేదని రాసింది అబద్ధమని చెప్పిందట. అసలు అడగనే లేదని, లోపలికి వెళితే మళ్ళీ బయటికి రానివ్వరేమోనని భయపడ్డానని చెప్పిందట.

లోట్టె మొహంలో ఏ మార్పూ లేదు. "తెలుసు" అంది. ఆ రోజుల్లో బయటి దేశం నుంచి ఎవరైనా ఆ ఊరికి రావడానికి అర్జీ పెట్టుకుంటే, పోలీసులు ముందు ఆ ఊళ్ళో ఉన్న చుట్టాల్ని విచారించేవాళ్ళట. "నా దగ్గరికి ఎవరూ రాలేదు. నువ్వు అడగలేదని అప్పుడే తెలుసు. నాకు కోపం నువ్వు రానందుకు కాదు. భయపడ్డానని రాసి ఉంటే సరిపోయేది. నేనూ భయంతోనే బతికాను" అంది. ఇది కూడా ఆంటీ తర్వాత చెప్పిందే. అప్పుడు మాకు కనిపించిందల్లా ఆవిడ కోటు జేబులోంచి రుమాలు తీయడం, అది అక్కకి ఇవ్వడం.

తర్వాత లోట్టె బల్ల మీదున్న చక్కెర పొట్లం తీసుకుంది. పక్కింటి ముందున్న ముగ్గుని చూసి చూసి, బేకరీ వాకిట్లో ఒక్కో చుక్కా పెట్టింది. చుక్కలు కలపడం రాక గీతలు ఎటెటో పోయాయి. "సుక్క తప్పింది" అని పద్మజ గొణిగితే దాని చెయ్యి గట్టిగా గిల్లాను. ఆ వంకర ముగ్గు పూర్తి చేసి, బట్టల కొట్టు జోలికి పోకుండా పొట్లం కింద పెట్టేసింది. బేకరీ ఉన్న పళ్ళాన్ని అక్క ముందుకి జరిపింది. ఏదో రెండు మాటలంది. ఆంటీ మా కోసం దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చింది. "నువ్వు పెద్దదానివి, విరువు అంటోంది."

ఆ ఇల్లు రాయిలా గట్టిపడి ఉంది. ఆంటీ రెండు చేతులా పట్టుకుని వంచినా లొంగలేదు. సాయం చేద్దామని నేను ముందుకి జరిగితే లోట్టె చెయ్యి అడ్డం పెట్టింది, మొహంలో నవ్వు ఆపుకుంటూ. పిల్లలు "కమాన్ హిల్డా!" అని కేకలు మొదలుపెట్టారు. బల్ల అంచుకి మోచేతులు ఆనించి, కళ్ళు మూసుకుని, ఆవిడ ఇంకోసారి బలమంతా పెట్టింది. కప్పు ఫట్‌మని విరిగింది, బాదం పలుకులు గదంతా చెల్లాచెదురయ్యాయి. మొదటి ముక్క ఇంట్లో చిన్నవాళ్ళకి పెట్టాలి. ఒక ముక్క పట్టుకుని ఆంటీ చెల్లెలి ముందుకి చాపింది. లోట్టె చెయ్యి చాపలేదు. చిన్నపిల్లలా నోరు తెరిచింది.